కారు అద్దం మీద దీపం

బళ్లారి నుంచి గుంతకల్లు వెళ్ళే దారిలో రోడ్డు పక్క బోర్డుల మీద కన్నడం పోయి తెలుగు రావడం మీరు గమనించే ఉంటారు. బరంపురం నుంచి ఇచ్ఛాపురం వచ్చేవారికి ఒడియా పోయి తెలుగు వస్తుంది. కాని ముందు వెళ్ళే బండి పక్కకు తిరగబోతూ మిణుకుమనిపించే పసుపు దీపానికి ఏ పొలిమేరలోనూ తర్జుమా అక్కరలేదు. ఆ దీపం కారు పక్క అద్దం మీదికి ఎలా ఎక్కిందో ఈవేళ చెప్పుకుందాం.

ముందు అద్దం సంగతి. 1909లో డొరొతీ లెవిట్ అనే ఆంగ్ల వనిత, కారు నడిపే స్త్రీల కోసం రాసిన పుస్తకంలో, చిన్న చేతి అద్దం దగ్గర పెట్టుకుని అప్పుడప్పుడు ఎత్తి వెనక్కి చూసుకోమంది. 1911లో అమెరికాలో జరిగిన ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందెంలో మిగతావారి పక్కన వెనక చూసి చెప్పే మనిషి కూర్చున్నాడు. రే హారూన్ మాత్రం ఆ మనిషి బదులు అద్దం బిగించుకుని, పందెం గెలిచాడు.

మన దగ్గర చాలాకాలం అద్దం డ్రైవరు వైపు ఒక్కటే. తిరగాలంటే చెయ్యి బయట పెట్టడమే. కొన్ని పాత కార్లకు తలుపు పక్క నుంచి రెక్కలా లేచే ట్రాఫికేటరు ఉండేది. పెద్దవారికి జ్ఞాపకం ఉండవచ్చు.

ఇక ఎల్.ఇ.డి. దీపం. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్ర దీపం చేశాడు. 1972లో జార్జి క్రాఫర్డ్ పసుపు తెచ్చాడు. బాగా వెలిగే నీలానికి 1990ల దాకా ఆగవలసి వచ్చింది. 1998లో మెర్సిడెస్ బెంజ్ కంపెనీ ఇండికేటరును అద్దం గూటిలోకి ఎక్కించింది. అద్దం బయటికి పొడుచుకుని ఉంటుంది కదా, పక్కన వచ్చే సైకిలు మనిషికి బాగా కనబడుతుంది. పైగా తీగ బల్బు పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదో వంతు దాకా పడితే ఎల్.ఇ.డి. తక్షణం వెలుగుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఆ కాస్త వ్యవధి 5 మీటర్ల దూరం.

ఇప్పుడు ఈ దీపాలు బజారులో కొని ఎవరికివారే బిగించుకుంటున్నారు. మా వీధి కుర్రవాడొకడు నీలం రంగువి పెట్టించాడు. బిగించినరోజే అవి గబగబా కొట్టుకోవడం మొదలెట్టాయి. పాత రకం ఫ్లాషరు రిలే బల్బు తాగే కరెంటును బట్టి పనిచేస్తుంది, ఎల్.ఇ.డి. అందులో కొద్దిపాటే తాగుతుంది కనుక బల్బు పోయిందని రిలే పొరబడుతుంది. దానికి తగిన రిలే వేయాలి. రెసిస్టరు పెట్టేవారూ ఉన్నారు కాని అది కాగుతుంది, ప్లాస్టిక్‌కు ఆనించకూడదు. మన 1989 మోటారు వాహనాల నియమాల ప్రకారం ఇండికేటరు పసుపు రంగులో, నిమిషానికి 60కి తగ్గకుండా 120కి మించకుండా మిణుకుమనాలి.

కుర్రవాడు రిలే మార్చాడు, రంగు మార్చలేదు. ఒక సాయంత్రం ఎడమకు తిరుగుతుంటే పక్కన వచ్చే సైకిలుకు కారు తగిలింది. దెబ్బ చిన్నదే. "దీపం చూశాను బాబూ, సోకుకు పెట్టుకున్నావనుకున్నాను" అన్నాడు ఆ పెద్దాయన మోచెయ్యి దులుపుకుంటూ.

మర్నాడే పసుపువి బిగించారు. ఆ నీలం దీపాలు పాత బ్యాటరీ మీద మా వీధి వినాయకుడి పందిట్లో తొమ్మిది రోజులూ వెలిగాయి.