అటక దిగిన కుట్టు మిషను

కుట్టు మిషనుకు లోకంలో మొదటి స్వాగతం పలికింది కోపంతో ఊగిపోతున్న దర్జీల గుంపు. ఫ్రాన్సులో బార్తెలెమీ తిమోనియే అనే దర్జీ తన యంత్రానికి 1830లో పేటెంటు తెచ్చుకున్నాడు. పారిస్‌లో ఎనభై యంత్రాలు పెట్టి సైనికుల దుస్తులు కుట్టించసాగాడు. తమ నోటి దగ్గర కూడు పోతుందని 1831లో తోటి దర్జీలే వచ్చి వాటిని ధ్వంసం చేశారు. ఆయన 1857లో పేదరికంలోనే పోయాడు. అమెరికాలో వాల్టర్ హంట్ కూడా 1830లలోనే పైదారమూ కిందిదారమూ ఒకదాన్నొకటి పట్టుకునే కుట్టు కనిపెట్టి, పేటెంటు జోలికి పోకుండా వదిలేశాడు. చేతికుట్టుతో బతికే ఆడవాళ్ల పొట్ట కొట్టడం ఇష్టం లేకనే అని చెబుతారు. పిన్నీసు కనిపెట్టిందీ ఈయనే. దాని హక్కును నాలుగు వందల డాలర్లకు అమ్మేసుకున్నాడు. లౌక్యం తెలియని మనిషి.

తెలిసినవాళ్లు తర్వాత వచ్చారు. ఇలియాస్ హౌ 1846లో పేటెంటు తీసుకున్నాడు. ఐజాక్ సింగర్ 1851లో. ఇద్దరూ కోర్టుకెక్కారు, హౌ గెలిచాడు. చివరికి 1856లో పెద్ద కంపెనీలన్నీ పేటెంట్లను ఒకచోట కుప్పపోసి రాజీపడ్డాయి. సింగర్ కంపెనీ వాయిదాల మీద మిషన్లు అమ్మడం మొదలుపెట్టిందీ ఆ ఏడే. నా దృష్టిలో మిషను చరిత్రలో సూది తర్వాత అంత పని చేసింది ఆ వాయిదా పద్ధతే. కొద్దిగా కట్టి మిగతాది నెలనెలా తీర్చుకోవచ్చంటే రైతు ఇంటికీ మిషను వచ్చింది.

వచ్చిన మిషను చొక్కాలతో ఆగలేదు. పైన అతుకుల గుడ్డ, నడుమ దూది, కింద అస్తరు, ఈ మూడు పొరల్నీ కలిపి కుట్టేదే అమెరికా ఆడవాళ్ల క్విల్ట్. మన అతుకుల బొంతకు దూరపు చుట్టం. క్విల్టుకు చేతికుట్టే అందమని ఇప్పుడు అనుకుంటాం గానీ, ఆనాటి ఇల్లాళ్లలో కొందరు మిషను కుట్టు పైకి కనబడేలా కావాలనే వేసేవారు. ఇంట్లో మిషను ఉందని నలుగురికీ తెలియాలిగా! జార్జియాలో బానిసగా పుట్టిన హారియట్ పవర్స్ బైబిలు కథల్ని క్విల్టు మీద బొమ్మలుగా కుట్టింది. చేతికుట్టూ మిషను కుట్టూ రెండూ ఉన్న ఆ క్విల్టును డబ్బుకు ఇబ్బందై అయిదు డాలర్లకు అమ్ముకుంది. అది ఇవాళ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

హారియట్ కాలం నుంచి ఓ యాభై ఏళ్లు నల్ల మిషన్లకు స్వర్ణయుగం. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకులో సింగర్ ఫ్యాక్టరీ 1885 నుంచి నడిచింది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు ఏడాదికి పది లక్షల పైచిలుకు మిషన్లు అక్కడి నుంచి బయల్దేరేవి. నల్లని రంగు, బంగారు చిత్రాలు, కొన్నింటి మీద ఈజిప్టు స్ఫింక్స్ బొమ్మ. పాత మిషను నచ్చేవాళ్లకు మొదట కంటికి తగిలేది ఈ చిత్రాలే. ఫ్యాక్టరీ 1980లో మూతబడింది. అక్కడ రైలు మాత్రం ఇప్పటికీ సింగర్ అనే స్టేషనులో ఆగుతుంది.

ఈ యుగం ముద్దుబిడ్డ 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శన నాటికి వచ్చిన సింగర్ 221. ముద్దుపేరు ఫెదర్‌వెయిట్. ఒళ్లంతా అల్యూమినియం, బరువు అయిదు కిలోలు. పెట్టెలో పెట్టుకుని చేత పట్టుకుపోవచ్చు. అది కుట్టేది ఒక్క తిన్నని కుట్టే. క్విల్టుకు కావలసిందీ అదే. వందల చిన్న ముక్కల్ని పావు అంగుళం అంచు వదిలి, వెంట్రుకవాసి తేడా రాకుండా కలపాలి. రకరకాల కుట్లు వేసే మిషనులో సూది అటూ ఇటూ కదలాలి కనుక పలకలో రంధ్రం వెడల్పుగా ఉంటుంది. చిన్న ముక్క మూల అందులోకి జారి ఇరుక్కుంటుంది. పాత మిషను పలకలో సూది పట్టేంత గుండ్రని రంధ్రమే. ముక్క ఎక్కడికీ జారదు. ఒకే పని తెలిసినవాడికి ఆ పనిలో తిరుగుండదు.

1950ల నుంచి పూల కుట్ల మిషన్లు వచ్చాయి, వెంటే పళ్లు విరిగే ప్లాస్టిక్ చక్రాలూ వచ్చాయి. రెడీమేడు బట్టలు చవకయ్యాయి. నల్ల మిషన్లు అటకెక్కాయి. ఇనుప కాళ్లు ఊడదీసి పైన గాజుపలక వేసి బల్లలు చేసుకున్నారు. 1971లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియం పాత క్విల్టుల్ని చిత్రాల్లాగా గోడలకు వేలాడదీసింది. 1976లో అమెరికా రెండు వందల ఏళ్ల పండుగ వచ్చింది. అమ్మమ్మల క్విల్టు మళ్లీ గౌరవానికొచ్చింది. దాని వెంట అమ్మమ్మల మిషనూ.

మన వైపు కథ వేరు. చీరకూ పంచెకూ కుట్టు అక్కర్లేదు కనుక మిషను ముందు బజారు దర్జీ అరుగెక్కింది, తర్వాతే రవికల కోసం ఇంట్లోకి వచ్చింది. యంత్రాలంటే పడని గాంధీజీ 1924లో సింగర్ మిషనుకు మినహాయింపు ఇచ్చారు. అది మనిషి చాకిరీని తగ్గించింది గానీ మనిషిని తోసెయ్యలేదని ఆయన లెక్క. పారిస్ దర్జీలు వింటే ఒప్పుకునేవారు కాదేమో. 1930లలో కలకత్తాలో ఉషా మిషను పుట్టింది. తర్వాత లూధియానా ఈ పరిశ్రమకు కేంద్రమైంది.

బొంత దగ్గరికి మాత్రం మిషను రాలేదు, కనీసం మా ఇంట్లో. అమ్మమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని పాత చీరల మడతల మీద వరస వరసలుగా చేతికుట్టు వేసేది. మిషను రెండు బారల దూరంలో ఊరికే ఉండేది. అడిగితే, "మిషను కుట్టు పడితే బొంత బిగుసుకుపోతుందిరా, ఒంటికి అంటదు" అనేది. అబద్ధం కాదు. చేతికుట్టు బొంతకున్న మెత్తదనం మిషను బొంతకు రాదు. కానీ ముక్కలు అతికే పని మిషనుకిచ్చి, పొరలు కుట్టే పని చేతికి ఉంచుకుంటే? అమెరికా ఆడవాళ్లు ఎంతోమంది చేసిందిదే. అమ్మమ్మకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

పాత మిషను వెతుక్కునేవారికి నాలుగు మాటలు. సీరియల్ నంబరును బట్టి సింగర్ మిషను ఎప్పటిదో తెలుసుకోవచ్చు. చక్రం తిరగకపోతే వెంటనే కాదనకండి. చాలాసార్లు లోపల ఎండి బంకైన నూనె తప్ప వేరే జబ్బు ఉండదు. మన ఇళ్లలో కొబ్బరినూనె పోసినవే ఎక్కువ. మిషను నూనె చుక్కచుక్కగా వేస్తూ రెండు రోజులు ఓపిక పడితే కదులుతుంది. బంగారు బొమ్మల మీద స్పిరిటు రాశారా, పైనున్న లక్క పూతతో పాటు బొమ్మలూ పోతాయి. పొడవాటి బాబిను పడవలాంటి షటిల్లో కూర్చునే పాత రకమైతే షటిలు ఉందో లేదో చూసుకోండి, అది విడిగా దొరకడం కష్టం. పేరు మోజులో పడకండి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాను సింగర్ 15 అనే మోడలును నకలు తీసి ఎన్నో పేర్లతో ప్రపంచమంతా అమ్మింది. అవి చవక, పనికి సింగర్‌కేమీ తీసిపోవు. విద్యుత్తు మిషనైతే తీగలు ఎలుకలు కొరికాయేమో చూడకుండా ప్లగ్గు పెట్టకండి.

ఇంకొకటి. పాత సింగర్‌లో ఎర్ర పాదరసం ఉందనీ, లక్షలు పలుకుతుందనీ ఎవరైనా చెవిలో ఊదితే నవ్వి ఊరుకోండి. 2009లో సౌదీ అరేబియాలో ఈ పుకారుతో జనం మిషన్ల మీద ఎగబడ్డారు. అందులో ఉండేది ఇనుమే.

మీ అటక మీద ఒకటి ఉంటే తూకానికి వెయ్యకముందు కిందికి దించి చక్రం తిప్పి చూడండి. సింగర్ 15 లాంటిదైతే ఇవాళ బజార్లో దొరికే మామూలు సూదే దానికీ సరిపోతుంది.