పొందూరు ఇళ్లు: పొయ్యి, రాట్నం, తరాలు

మన దేశపు జనాభా లెక్కల్లో కుటుంబానికి కొలబద్ద వంటగది. ఒకే చోట వండుకుని తినేవారంతా ఒక కుటుంబం. పొయ్యి వేరైతే కుటుంబమూ వేరే. లెక్క తీయటానికి ఇది అనువైన పద్ధతే. కాని ఒకే ఇంట్లో ఉంటున్న వేర్వేరు వయసుల పెద్దలకు ఆ ఇంట్లో ఉన్న స్థానం ఏమిటో ఈ కొలత చెప్పదు. వృద్ధురాలైన తల్లి, నడివయసు కొడుకు, పెళ్లయిన మనుమడు ఒకే కుండలోని అన్నం తిన్నంత మాత్రాన ముగ్గురి స్థితీ ఒకటి కాజాలదు. ఈ విషయాన్ని గ్రహించటానికి శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు చరిత్ర ఎంతో ఉపకరిస్తుంది.

పొందూరు సన్నని ఖద్దరుకు ప్రసిద్ధి. ఇక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. తరువాత గింజ తీసి, దూది ఏకి, ఏకులు చుట్టి, వాటిని ఎండిన అరటి దొప్పలో భద్రపరచి, రాట్నం మీద వడుకుతారు. ఇదంతా ఇంటిపట్టున స్త్రీలు చేసే పని. వడకటంలో పట్టుశాలి స్త్రీలకూ, నేతలో దేవాంగులకూ పేరుంది. నూరు కౌంటుకు మించిన నూలు చేతితో తీయాలంటే సత్తువకంటే ఏళ్ల తరబడి అలవాటుపడిన వేళ్లు ముఖ్యం. మగ్గం కాళ్లలో, చేతుల్లో బలం ఉన్నంతవరకే సాగుతుంది. రాట్నం ఆ తరువాత కూడా సాగుతుంది. కనుకనే ఈ ఊళ్లో వయసు మళ్లిన స్త్రీ ఇంటికి బరువు కాకుండా, పనిలో ఆరితేరిన మనిషిగా నిలిచింది.

ఆ పనికి విడిగా కూలి ముట్టటం ఇంకొక విశేషం. 1925లో గాంధీజీ నాయకత్వాన ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం, 1935లో వడికేవారికి బతుకుతెరువుకు చాలినంత కూలి ఇవ్వాలన్న సూత్రాన్ని అంగీకరించింది. పొందూరులో 1949లో ఆంధ్ర సన్నఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. దాని భవనానికి 1955లో వినోబా భావే శంకుస్థాపన చేశారు. నూలు చిలపల లెక్కన కూలి ఇచ్చే పద్ధతిలో వడికిన చేతికే డబ్బు వచ్చే వీలుంది. ఆ మొత్తం స్వల్పమే. అయినా కొడుకును అడగకుండా ఖర్చు పెట్టుకోగల నాలుగు డబ్బులు ఒక తల్లికి ఇంట్లో ఇచ్చే మర్యాద స్వల్పమైనది కాదు.

దీనిని దూదేకుల, నూర్‌బాషా ముస్లిముల వృత్తితో పోల్చి చూడవచ్చు. తెలుగే మాతృభాషగా గల వీరు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకూ దిండ్లకూ దూది ఏకేవారు. పొందూరు స్త్రీ వసారాలో కూర్చుని చేసుకునే పని వీరికి తిరుగుడు వృత్తి అయింది. ముదిమి పైబడ్డాక తిరుగుడు సాగదు. యంత్రాలూ కొత్తరకం పరుపులూ వచ్చాక యువకులకు సైతం ఆ పని దొరకటం కష్టమయింది. వృత్తి ఒకే దూదికి సంబంధించినదైనా, అది ఇంట్లో సాగేదా బయట సాగేదా అన్నదాన్ని బట్టి వృద్ధుల బతుకు మారింది.

ఇక ధర్మశాస్త్రం సంగతి. దివ్యఖుర్ఆన్‌లోని నూర్ సూరా 61వ వాక్యం తండ్రి, తల్లి, సోదరుల ఇళ్లలో భుజించటాన్ని ప్రస్తావిస్తూ, కలిసి తిన్నా విడిగా తిన్నా దోషం లేదని తెలుపుతున్నది. పొయ్యి ఒకటైనా రెండైనా ధర్మానికి లోటు రాదన్నమాట. లోటు వచ్చేది హక్కు ఎగ్గొట్టినప్పుడే. హనఫీ శాస్త్రం ప్రకారం పేదవారైన తల్లిదండ్రుల పోషణ స్తోమత గల సంతానం బాధ్యత. భార్యకు తనదైన నివాసం, కనీసం తాళం వేసుకోగల ఒక గది, ఉండాలి. పిల్లలున్న కొడుకు మరణిస్తే అతని ఆస్తిలో తల్లికి ఆరవ వంతు, భార్యకు ఎనిమిదవ వంతు వస్తాయి. ఆచారం పేరిట ఈ వాటాలను కాజేయటం వల్లనే 1937లో షరీఅత్ చట్టం అవసరమయింది. అదే సంవత్సరం హిందూ వితంతువులకు పరిమితమైన ఆస్తిహక్కు ఇచ్చే చట్టమూ వచ్చింది. ఉమ్మడి కాపురం దానంతటదే స్త్రీని కాపాడలేదని రెండు సమాజాల అనుభవమూ చెప్పింది.

మగవారు దూరదేశం పోవటం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1942 వరకు గంజాం, విశాఖ జిల్లాల తెలుగువారు వేలాదిగా రంగూనుకు కూలికి వెళ్లేవారు. వారిలో అత్యధికులు పురుషులే. ఇల్లు స్త్రీల మీదా, వృద్ధుల మీదా నడిచింది. నేడు విశాఖపట్నం, హైదరాబాదు ఆ పాత్ర వహిస్తున్నాయి. పొందూరులో రాట్నం ముందు కూర్చునేవారిలో పెద్ద వయసు స్త్రీలే ఎక్కువ. కోడళ్లూ మనుమరాళ్లూ చాలీచాలని ఆ కూలికి ముందుకు రావటం లేదు. తల్లిదండ్రుల పోషణను సంతానం బాధ్యతగా నిర్ణయిస్తూ 2007లో కేంద్రం చట్టం చేసింది. చట్టం నెలకింత అని పైకం ఇప్పించగలదు. ఇంట్లో ఒక పని, ఒక మాట, ఒక స్థానం ఇప్పించలేదు.

అందుచేత కలిసి ఉండటం మంచిదా, వేరుపడటం మంచిదా అన్న చర్చతో కుటుంబ సమస్య తీరదు. ఇంట్లో ఉన్న ప్రతి పెద్ద మనిషికీ తనదని చెప్పుకోగల పని, సొమ్ము, గది ఉన్నాయా అని చూడాలి. కూలి తక్కువైనా పొందూరు రాట్నం చాలాకాలం వృద్ధురాలికి ఆ మొదటి రెండూ సమకూర్చింది. అది ఆగిపోయిన ఇంట్లో ఆ లోటు తీర్చవలసిన బాధ్యత సంతానానిదే.