మేకు లేని పట్టు

"ఎర్రబడ్డాదంటే ఉక్కు సచ్చినట్టే. సూసుకోరా అల్లుడా!"

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు, చక్రాల షాపు, 1960ల నాటి ఒక పగటి షిఫ్టు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వలసవచ్చిన కుటుంబంలో పుట్టిన మేస్త్రీ ఒకరు. ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఇంకొకడు. ఈ ఇద్దరూ నా ఊహే. వాళ్ల చేతిలోని పని మాత్రం అక్షరాలా నిజం.

రైలు చక్రానికి కూడా టైరు ఉండేది, అదీ ఉక్కుదే. దాని లోపలి వ్యాసాన్ని చక్రం కంటే రవ్వంత తక్కువగా, వెయ్యి మిల్లీమీటర్లకు ఒక మిల్లీమీటరు చొప్పున తక్కువగా, కోసేవారు. సుమారు 250 డిగ్రీలకు కాలిస్తే మీటరు ఉక్కు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. అలా సాగిన టైరులోకి క్రేనుతో చక్రాన్ని దించాలి. నీళ్లు చల్లకూడదు, దానంతట అదే చల్లారాలి. బిగిసిన టైరు పక్కకు జారకుండా గాడిలో గిబ్సన్ రింగు పెట్టి అంచు మడిచేవారు. బోల్టు లేదు, వెల్డింగు లేదు.

చల్లారిన చక్రాన్ని కుర్రాడు సుత్తితో కొట్టాడు. ఖంగుమంది. పక్కదాన్ని కొడితే పగిలిన కుండలా పలికింది.

"మావా, ఇదేటి?"

"ఒదులు. తీసెయ్."

"సాయంత్రానికి బోగీ కావాలన్నారు కదా!"

"బోగీ రేపెళ్తాది. దాన్లో కూకున్నోళ్లు ఇంటికెళ్లాల."

అంత కటువుగా ఎందుకన్నాడంటే, ఘాట్ దిగే బండిలో బ్రేకు రాపిడికి టైరు వేడెక్కి మళ్లీ సాగుతుంది. మొదటే వదులైతే చక్రం మీద తిరిగిపోతుంది. అందుకే టైరుకీ చక్రానికీ అడ్డంగా తెల్ల గీత గీసేవారు. గీత రెండుగా చీలితే టైరు కదిలినట్టే.

టైరు భయం వట్టిది కాదు. 1998 జూన్ 3న జర్మనీలోని ఎషెడె దగ్గర, మ్యూనిక్ నుంచి హాంబర్గ్ వెళ్తున్న ఐసీఈ హైస్పీడ్ రైలు మొదటి బోగీలో ఒక చక్రపు టైరు విరిగింది. ఉక్కు టైరుకీ చక్రానికీ మధ్య రబ్బరు పొర ఉన్న చక్రమది. పగులు లోపలి వైపు నుంచి పెరిగింది, తనిఖీల్లో దొరకలేదు. వేగం గంటకు 200 కిలోమీటర్లు. 101 మంది చనిపోయారు. ఒక్క టైరు!

మన బోగీలకు ఇప్పుడు టైరు లేని ఏకాండీ చక్రాలే. కొన్ని దుర్గాపూర్‌లో తయారయ్యాయి, 1984 నుంచి బెంగళూరు యలహంకలోనూ పోతపోస్తున్నారు. టైరు ఊడే భయం పోయింది గానీ అరుగుదల పోలేదు. లేతు మీద మళ్లీ ఆకారం తెస్తారు, హద్దు దాటి అరిగితే చక్రాన్నే మారుస్తారు. బ్రాడ్‌గేజిలో రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 1600 మిల్లీమీటర్లు ఉండాలి. కొత్త చక్రాన్ని ఇరుసుకు ఎక్కించేది ఇవాళ్టికీ ప్రెస్సు ఒత్తిడే. ఎన్ని టన్నుల బలానికి ఎక్కిందో రాసుకుంటారు. తక్కువ బలానికే జారిపోయి ఎక్కిందా, ఆ చక్రాన్ని ఊడదీస్తారు.