కాసెల్ రాజు, బాల్టిమోర్ భార్య

ఇవాళ కష్టకాలంలో అయినవాళ్ళు ఇచ్చే డబ్బు గురించి, ఇవ్వని డబ్బు గురించి ఒక పాత కథ చెబుతాను. సగం కథ మా పాడర్‌బోర్న్ వైపుది, సగం అమెరికాది.

మా ఊరికి ఇండియా నుంచి చుట్టాలు వస్తే నేను చూపించేవి రెండే రెండు. కెథడ్రల్ ఒకటి, దాని పక్కనే నేలలోంచి బుడబుడా ఊరే పాడర్ నది ఒకటి. కొన్ని వందల ఏళ్ళు ఇక్కడ బిషప్పే ప్రభువు. 1802లో ప్రష్యా సైన్యం వచ్చి ఆ ముచ్చట తీర్చేసింది. అయిదేళ్ళకే నెపోలియన్ ప్రష్యాను ఓడించాడు. 1807లో వెస్ట్‌ఫాలియా అని కొత్త రాజ్యం ఒకటి అతికించి, తన చిన్న తమ్ముడు జెరోమ్‌ను సింహాసనం ఎక్కించాడు. రాజధాని ఇక్కడికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని కాసెల్. మా పాడర్‌బోర్న్ కూడా ఆ రాజ్యంలో కలిసిపోయింది.

ఇరవై మూడేళ్ళకు రాజైన ఈ కుర్రాడికి అప్పటికే అట్లాంటిక్ అవతల ఒక పెళ్ళి అయింది, రెండేళ్ళ కొడుకు ఉన్నాడు. ఆ అమ్మాయి పేరు ఎలిజబెత్ పాటర్సన్, ఇంట్లో బెట్సీ అనేవారు. తండ్రి విలియం పాటర్సన్ ఐర్లండ్ నుంచి పద్నాలుగేళ్ళ వయసులో వచ్చి, స్వాతంత్ర్య యుద్ధంలో ఆయుధాలు తెప్పించి సరఫరా చేసి, బాల్టిమోర్‌లో కోటీశ్వరుల వరసలో చేరిన వర్తకుడు. పదమూడు మంది పిల్లల తండ్రి. నౌకాదళంలో పనిచేస్తూ అమెరికా వచ్చిన జెరోమ్, బెట్సీని చూసి మనసు పారేసుకున్నాడు. 1803 డిసెంబరు 24న పెళ్ళి. వరుడికి పందొమ్మిది, వధువుకి పద్దెనిమిది. తండ్రికి ఈ సంబంధం మీద నమ్మకం లేదు. అందుకని లాయరు చేత ఒప్పందం రాయించాడు: పెళ్ళి చెల్లదని ఎవరైనా తేలిస్తే జెరోమ్ ఆస్తిలో మూడో వంతు అమ్మాయిది. (మన పెళ్ళిళ్ళలో లాంఛనాల జాబితా రాసుకుంటాం గానీ ఇలాంటి షరతు రాసే ధైర్యం ఎవరికుంది చెప్పండి!)

ఆయన భయపడ్డట్టే అయింది. 1805లో నెపోలియన్ ఆ పెళ్ళిని కొట్టేశాడు. రద్దు చేయమంటే పోప్ ఏడో పయస్ ఒప్పుకోలేదు, అయినా చక్రవర్తి ఆగలేదు. నిండు గర్భిణిగా ఉన్న బెట్సీని యూరప్ గట్టు మీద కాలు పెట్టనివ్వలేదు. లండన్ చేరి అక్కడ కొడుకుని కని, బిడ్డతో పుట్టింటికి వచ్చేసింది. జెరోమ్ 1807లో వ్యూర్టెంబర్గ్ రాకుమార్తె కాతరీనాను పెళ్ళాడి కాసెల్‌లో కొలువు తీరాడు. జనం అతనికి పెట్టిన పేరు 'సరదా రాజు'. ఆ సరదా ఖర్చులకీ, అన్నగారి యుద్ధాలకీ పన్నులూ పిల్లలూ ఇచ్చుకున్నది మా పాడర్‌బోర్న్ లాంటి ఊళ్ళవాళ్ళు.

రాజయ్యాక జెరోమ్ కబురు పెట్టాడు. వెస్ట్‌ఫాలియాకి వస్తే ష్మాల్కాల్డెన్ యువరాణి బిరుదు, ఏడాదికి రెండు లక్షల ఫ్రాంకులు ఇస్తానని. ఆవిడ వద్దంది. నెపోలియన్ దగ్గర నుంచి మాత్రం ఏటా 60,000 ఫ్రాంకుల భరణం తీసుకుంది. ఆనాటి లెక్కలో పదకొండు, పన్నెండు వేల డాలర్లు. అమెరికా అధ్యక్షుడి జీతమే అప్పుడు 25,000. మొగుడి మాట కన్నా బావగారి ఖజానా గట్టిదని ఇరవై రెండు మూడేళ్ళ పిల్ల లెక్క కట్టింది చూశారా, నాకు అక్కడే ఆవిడ మీద గౌరవం. 1813 అక్టోబరులో జెరోమ్ కాసెల్ వదిలి పారిపోయాడు, రాజ్యమే లేకుండా పోయింది.

అమెరికాలోనూ ఆ రోజులు బాగాలేవు. 1807 చివర ఓడల వ్యాపారం మీద నిషేధం. 1812లో ఇంగ్లండుతో యుద్ధం, 1814లో బాల్టిమోర్ కోట మీదే ఫిరంగులు. 1819లో బ్యాంకులు కుప్పకూలాయి. బెట్సీ తల్లి తోబుట్టువు మొగుడు, సెనేటర్ శామ్యూల్ స్మిత్ కంపెనీ కూడా అందులో మునిగింది. బెట్సీ మటుకు భరణాన్ని ఖర్చు చేయకుండా కూడబెట్టి, మెల్లమెల్లగా పెట్టుబడుల్లోకి మార్చుకుంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇంగ్లీషువాళ్ళ నుంచి వచ్చిన చట్టం ప్రకారం భార్య సొమ్ము భర్తదే. మన యాజ్ఞవల్క్య స్మృతి స్త్రీధనాన్ని భార్యదిగానే చూసింది. కరువు, రోగం, ధర్మకార్యం, చెర లాంటి ఆపదల్లో మాత్రం భర్త వాడుకుంటే తిరిగి ఇవ్వనక్కరలేదంది. మేరీలాండ్‌లో ఆ పాటి రక్షణా లేదు. జెరోమ్ ఎప్పుడైనా వచ్చి చెయ్యి పెడతాడేమోనని ఆవిడ శాసనసభకు అర్జీ పెట్టుకుని, ప్రత్యేక చట్టం ద్వారా విడాకులు తెచ్చుకుంది.

తండ్రి 1835లో పోయాడు. మిగతా పిల్లలందరూ కలిసి పెట్టిన దానికన్నా ఈ ఒక్క కూతురి అవిధేయత వల్లే తనకు ఎక్కువ దిగులూ ఖర్చూ కలిగాయని వీలునామాలోనే రాసి, కొన్ని ఇళ్ళు మాత్రం వదిలాడు. అల్లుడి సంగతి ముందే పసిగట్టి మూడో వంతు రాయించిన మనిషి, పోతూ పోతూ ఆ మాట కాగితం మీద పెట్టి పోవడం నాకు మింగుడు పడదు. ఆవిడ 1879లో, తొంభై నాలుగేళ్ళ వయసులో, బాల్టిమోర్‌లో ఒక అద్దె గదిలో పోయింది. అప్పటికి ఆస్తి దాదాపు పదిహేను లక్షల డాలర్లు. కొడుకు ముందే పోవడంతో అది ఇద్దరు మనవలకు దక్కింది. వాళ్ళలో చిన్నవాడు చార్లెస్ బోనపార్ట్ తర్వాత అమెరికా అటార్నీ జనరల్ అయి, ఎఫ్‌బీఐకి మూలమైన శాఖను 1908లో మొదలుపెట్టాడు.