పటంలోని మనిషి, ఒంటిమీది బట్ట

మా దాదాగారి ఫోటో ఒకటి మా ఇంటి గోడకు ఉన్నది. నల్లకోటు, పక్కన చిన్న బల్ల, బల్లమీద కాగితం పూలు. ఆ కోటును చూచి దాదాగారు పెద్ద హోదాలో ఉండేవారని మేము చిన్నతనంలో అనుకునేవాళ్ళము. ఒకనాడు దాదీ నవ్వి, "ఆ కోటు స్టూడియోవాడిది బేటా, ఊళ్ళో అందరూ ఆ కోటులోనే ఫోటో దిగారు" అన్నది. అప్పటినుంచి ఏ పాత పటం చూచినా ముఖంకంటే ముందు బట్టమీదికే మా చూపు పోతుంది.

సొసైటీ కార్యదర్శిగారు ఈ ఏటి సావనీరుకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాసి ఇవ్వవలసిందని అడిగారు. రాజులు, యుద్ధాలు, సంవత్సరాలు బడిలో రోజూ చెప్పేవే. అందుచేత ఈసారి ఇంగ్లీషువారి ఇళ్ళలోని పాత పటాలను, పాత గుడ్డలను గురించి వ్రాస్తున్నాము. ఇంగ్లీషువారి సామాను మనకెందుకు అనుకోకండి. ఆ పెట్టెలు విప్పితే మన మాటలే, మన రంగులే బయటపడతాయి.

మా దాదాగారి కోటుకు లండనులో ఒక అన్న ఉన్నాడు. శామ్యూల్ పీప్స్ అనే ఆయన నౌకాదళం ఆఫీసులో ఉద్యోగి. రోజూ డైరీ వ్రాసుకునేవాడు. 1666లో జాన్ హేల్స్ అనే చిత్రకారునిచేత తన పటం వ్రాయించుకున్నాడు. పటానికి 14 పౌండ్లు ఇచ్చాడు. గోధుమరంగు మెరుపు గౌను వేసుకొని, చేత సంగీతం వ్రాసిన కాగితం పట్టుకొని, పెద్ద షోకుగా కూర్చున్నాడు. ఆ రోజుల్లో అటువంటి వదులు గౌనును వాళ్ళు "ఇండియన్ గౌను" అనేవారు. అది అద్దెకు తెచ్చినదని డైరీలో తానే వ్రాసుకున్నాడు. ఇప్పుడు ఆ పటం లండనులోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్నది. అద్దె బట్టలో మూడు వందల అరవై ఏళ్ళుగా కూర్చున్న పెద్దమనిషి అన్నమాట!

అంతకు మూడేళ్ళ ముందు, 1663లో, ఈయనే భార్య చదువుకునే గది గోడలకు కట్టించడానికి "చింట్" గుడ్డ కొన్నాడు. ఆ మాట మనదే. ఉర్దూలో ఛీంట్ అంటే రంగు చుక్కలు, చిందులు ఉన్న గుడ్డ. తెలుగులో మనవాళ్ళు చీటిగుడ్డ అన్నదీ అదే. అదే ఇంగ్లీషులో చింట్జ్ అయింది. మంచంమీద పరిచే పెద్ద గుడ్డను వాళ్ళు పాలంపోర్ అన్నారు. అది మన పలంగ్‌పోష్. కాలికో అన్న మాట కాలికట్ రేవు పేరునుంచి వచ్చింది. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడు వెనుక బెంచీ పిల్లవాడొకడు లేచి, "సార్, వాళ్ళు గుడ్డతోపాటు మాట కూడా కొనుక్కుపోయారా?" అన్నాడు. మాటకు డబ్బు ఇవ్వలేదని చెప్పి కూర్చోబెట్టాము.

గుడ్డ ఎట్లా తయారయ్యేదో కొంచెం చెప్పుకోవాలి. ముందుగా నేత గుడ్డను కరక్కాయ కషాయంలోను పాలలోను నానబెట్టి ఆరవేస్తారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీళ్ళలో పులియబెడితే నల్లరంగు వస్తుంది. ఎరుపు కావలసినచోట ముందు పటిక నీళ్ళతో వ్రాయాలి. అప్పటికి గుడ్డమీద ఏమీ కనబడదు. చిరివేరు వేసి మరిగించినప్పుడు పటిక పడినచోట మాత్రమే ఎరుపు పట్టి నిలుస్తుంది. నీలి రంగు వద్దనుకున్నచోట మైనం పూసి మిగతాది నీలిమందులో ముంచుతారు. ఒక్కొక్క రంగుకూ ఒక్కొక్క ఉతుకు. పారే నీళ్ళు కావాలి, ఎండ కావాలి. కలంతో వ్రాసే పని గనుక దీనికి ఖలంకారీ అని ఫారసీ పేరు వచ్చింది. ఈ పనికి మచిలీపట్నం ప్రాంతం పెట్టింది పేరు. ఆ రేవు అప్పుడు గోల్కొండ సుల్తానులది. ఇంగ్లీషువారి గ్లోబ్ అనే ఓడ 1611లో అక్కడికి వచ్చింది. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా వారికి వ్యాపారం చేసుకునేందుకు ఫర్మానా ఇచ్చాడు. ఎన్నిసార్లు ఉతికినా పోని ఇటువంటి రంగు పూలు నూలు గుడ్డమీద వేయడం అప్పటికి ఇంగ్లండులో ఎవరికీ చేతగాదు. అక్కడి ఆడవాళ్ళు మోజుపడ్డారంటే ఆశ్చర్యం ఏమున్నది?

అయితే వ్యాపారి తన బేరం తాను చూసుకుంటాడు. 1643లో లండనులోని కంపెనీ డైరెక్టర్లు సూరత్‌లోని తమవారికి ఉత్తరం వ్రాశారు. ఎర్ర నేలమీద పూలు ఉన్న గుడ్డలు ఇక్కడ పోవడం లేదు, తెల్ల నేలమీద రంగు పూలు వేయించి పంపండి అని దాని సారాంశం. తరువాత నమూనాలు కూడా అక్కడినుంచే రావడం మొదలైంది. కనుక ఇంగ్లీషువారి ఇంట్లో "ఇండియా పువ్వు" అని మురిసిపోయిన పువ్వు కొంత మన చేతిది, కొంత వాళ్ళ ఆర్డరుది.

మోజు ముదిరేసరికి అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళ కడుపు మండింది. వాళ్ళ బాధ అబద్ధం అనడానికి లేదు. పని పోయినవాడి కోపం ఏ దేశంలోనైనా ఒకటే. పార్లమెంటు 1700లో చట్టం చేసింది. ఇండియా, పర్షియా, చైనాల రంగు గుడ్డలు ఇంగ్లండులో వాడకానికి దిగరాదు, మరొక దేశానికి ఎగుమతి చేసుకోవచ్చును. అయినా గొడవ ఆగలేదు. 1719లో లండను వీధుల్లో నేతగాళ్ళు చీటిగుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళ వెంటపడి ఒంటిమీది బట్టలు చింపారు, సిరా పోశారు. కోపం వ్యాపారిమీద, చేయి మాత్రం దారిన పోయే ఆడదానిమీద! 1721లో ఇంకో చట్టం వచ్చింది. అచ్చు నూలు బట్ట కట్టినా నేరమే. కట్టుకున్నవారికి 5 పౌండ్లు, అమ్మినవారికి 20 పౌండ్లు జరిమానా. 1774లో దీన్ని సడలించారు. అయితే ఆ సడలింపు ఇంగ్లండులో తయారైన నూలు గుడ్డలకే. మన గుడ్డకు తలుపు తెరవలేదు.

అందుకు సాక్ష్యం డేవిడ్ గారిక్ మంచం. గారిక్ ఆ కాలపు ఇంగ్లీషు నాటకరంగానికి మకుటంలేని మహారాజు. కలకత్తాలోని ఇంగ్లీషువారు నాటకశాల పెట్టుకుంటే సాయం చేశాడు. అందుకు కృతజ్ఞతగా వారు ఆయన భార్యకు కోరమాండల్ తీరపు ఖలంకారీ గుడ్డలు పంపారు. థేమ్స్ ఒడ్డున హాంప్టన్‌లోని వారి ఇంట్లో మంచం తెరలకోసం. 1775లో కస్టమ్సువాళ్ళు వాటిని పట్టుకున్నారు. అంతటి నటుడు ట్రెజరీ అధికారికి ఉత్తరం వ్రాసి బ్రతిమాలుకోవలసి వచ్చింది. చివరకు గుడ్డలు దక్కాయి. ఆ మంచం, తెరలతో సహా, ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది. గారిక్ ముఖాన్ని హోగార్త్ వ్రాశాడు, గెయిన్స్‌బరో వ్రాశాడు, రెనాల్డ్స్ వ్రాశాడు. ఆ పేర్లన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. ఆయన మంచం తెరలు వ్రాసిన మనవాళ్ళ పేరు ఒక్కటి లేదు.

ఇతరులను అనడమెందుకు? మా అమ్మీ పెట్టెలో పాత పలంగ్‌పోష్ ఒకటి ఉండేది. అంచున మామిడిపిందెలు, నడుమ చెట్టు. చిరిగిన తరువాత మంచి భాగం చూసి జుజ్‌దాన్లు కుట్టారు. మిగిలిన ముక్కతో మేమే సైకిలు తుడిచాము. అటువంటి గుడ్డను మ్యూజియంలో రంగు వెలిసిపోకుండా మసక వెలుతురులో, అద్దం వెనుక ఉంచుతారని తెలిసిననాడు మాకు సిగ్గు వేసింది.

గుడ్డ సంగతి అది. ఇక పటాలు. పీప్స్ కట్టినది అద్దె గౌను గనుక ఇంటికిపోయి విప్పేశాడు. విప్పనని మొండికేసినవాడు ఇంకొకడున్నాడు. రాబర్ట్ షెర్లీ 1598లో అన్నతోపాటు ఇరాన్ వెళ్ళి షా అబ్బాస్ కొలువులో చేరాడు. అక్కడే తెరేసియా అనే సర్కాషియా వనితను పెండ్లాడాడు. షా తరఫున రాయబారిగా యూరపు వచ్చి, తలపాగా, జరీ పూల అంగీతోనే దర్బారులకు పోయేవాడు. 1622లో రోములో వాన్ డైక్ ఈ దంపతులిద్దరి పటాలూ వ్రాశాడు. అవి ఇంగ్లండులో పెట్‌వర్త్ భవనంలో ఉన్నాయి. కాని బట్ట ఒక్కటే చాలుతుందా? 1626లో నఖ్ద్ అలీ బేగ్ అనే మరొక ఇరానీ రాయబారి లండనులో దిగి, వీడు దొంగ రాయబారి అని షెర్లీ చెంప పగులగొట్టి, అతని పత్రాలు చించివేశాడు. కంపెనీవారు ఈ నఖ్ద్ అలీ పటాన్ని కూడా వ్రాయించారు. షెర్లీ 1628లో ఖజ్వీన్‌లో చనిపోయాడు.

షెర్లీ పెద్దవాడు, తన బట్ట తాను ఎంచుకున్నాడు. ఎంచుకునే వయస్సు లేని ఇద్దరు పిల్లల పటం ఒకటున్నది. మన హైదరాబాదువారు తప్పక తెలుసుకోవలసినది.

హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసా బేగంను వివాహమాడిన సంగతి చాలామందికి తెలుసు. కోఠీ మహిళా కళాశాలగా మనమెరిగిన, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయమైన ఆవరణలోని పెద్ద భవనం ఆయన కట్టించినదే. వారికి 1801లో కొడుకు, 1802లో కూతురు పుట్టారు. కొడుకు సాహిబ్ ఆలం, కూతురు నూరున్నిసా సాహిబ్ బేగం. అప్పటి రెసిడెంట్ల ఆచారం ప్రకారం తండ్రి పిల్లలను చదువుకు ఇంగ్లండు పంపదలచాడు. 1805లో మద్రాసులో ఓడ ఎక్కేముందు జార్జి చిన్నరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడు ఇద్దరినీ నిలబెట్టి పటం వ్రాశాడు. పిల్లాడికి నాలుగేళ్ళు, పాపకు మూడేళ్ళు. మెట్లమీద నిలుచున్నారు. ఒంటినిండా హైదరాబాదు దర్బారు దుస్తులు, జరీ, ముత్యాలు, ముక్కు తిరిగిన జోళ్ళు. వాడు సూటిగా, ధైర్యంగా చూస్తున్నాడు. పాప చూపులో బెదురున్నది.

ఆ యేడు అక్టోబరు 15న తండ్రి కలకత్తాలో చనిపోయాడు. పిల్లలు అప్పటికి సముద్రంమీదనే ఉన్నారు. ఇంగ్లండు చేరిన తరువాత 1806 మార్చిలో లండనులో బాప్తిస్మమిచ్చి విలియం జార్జి, కేథరిన్ అరోరా అని పేర్లు మార్చారు. పాపను కిట్టీ అని పిలిచేవారు. తల్లితో ఉత్తర ప్రత్యుత్తరాలు సాగలేదు. ఖైరున్నిసా 1813లో, ముప్ఫై ఏళ్ళయినా నిండకుండానే, హైదరాబాదులో కన్నుమూసింది. విలియం 1812లో మరుగుతున్న నీళ్ళ అండాలో పడి అవయవం పోగొట్టుకున్నాడు. 1828లో చనిపోయాడు. కిట్టీ అందగత్తెగా పేరుపడింది. రచయిత థామస్ కార్లైల్ ఆమెను చూచి ముగ్ధుడయ్యాడని చెబుతారు. ఆమె 1829లో కెప్టెన్ ఫిలిప్స్‌ను పెండ్లాడింది.

పటం మాటేమిటి? అది చేతులు మారి హెన్రీ రస్సెల్ దగ్గరికి చేరింది. రస్సెల్ కిర్క్‌పాట్రిక్ కింద పనిచేసి, తరువాత తానే హైదరాబాదు రెసిడెంటు అయినవాడు. రిటైరై బెర్క్‌షైర్‌లో స్వాలోఫీల్డు భవనంలో ఉండేవాడు. కిట్టీ నలభై ఏళ్ళ వయస్సులో ఒకసారి ఆ ఇంటికి పోయింది. గోడమీద అన్నతోపాటు తాను, ఆనాటి జరీ బట్టల్లో! చూచి ఏడ్చేసింది. ఆ పటం నీకే వచ్చేట్టు చేస్తానని రస్సెల్ మాట ఇచ్చాడు.

సుమారుగా ఆ కాలంలోనే హైదరాబాదులో తన అమ్మమ్మ, మనవాళ్ళ మాటలో నానీ, షరఫున్నిసా బేగం ఇంకా బ్రతికే ఉన్నదని కిట్టీకి తెలిసింది. 1841నుంచి ఉత్తరాలు నడిచాయి. మనవరాలు ఇంగ్లీషులో వ్రాసేది, నానీ ఫారసీలో వ్రాయించేది. మధ్యన ఎవరో ఒకరు తర్జుమా చేసి వినిపించాలి. నలభై ఏళ్ళ ఎడబాటు తరువాత ఆ ఇద్దరికీ మిగిలిన దారి అదొక్కటే. నానీ 1847లో చనిపోయింది. ఒకరినొకరు మళ్ళీ చూసుకోలేదు.

1852లో రస్సెల్ చనిపోయాడు. ఇచ్చిన మాట తప్పక, వీలునామాలో ఆ పటాన్ని కిట్టీకి వ్రాసి ఉంచాడు. మూడేళ్ళ పాపగా మద్రాసులో కట్టుకొని నిలుచున్న జరీ దుస్తులు అట్లా ఆమెకు తిరిగి చేరాయి, పటం రూపంలో. అప్పటికి ఆమెకు యాభై ఏళ్ళు.