డిస్కుల కూటమి, దాని మందగమనము

నిజాంపేటలోని మా యింటి కంప్యూటరునందు నాలుగు హార్డ్ డిస్కులు కలవు. ఐనను కంప్యూటరు వానిని నాలుగుగా నెరుగదు. ఒకే పెద్ద డిస్కుగా నెంచి వ్రాయుచుండును, చదువుచుండును. మా తండ్రిగారు క్యాసెట్లపై పట్టియుంచిన హరికథలు, మా నాయనమ్మ పాడిన పెండ్లిపాటలు, ఇరువదియేండ్ల ఛాయాచిత్రములు అందే యున్నవి. కొన్నియేండ్ల క్రిందట వానిలో నొక డిస్కు చెడగా క్రొత్తదానిని కొని యమర్చితిని. నాటినుండి కంప్యూటరు నత్తనడక పట్టెను. ఒకరు వైరసనిరి. ఒకరు మెమొరీ చాలదనిరి. అంగడివారు యంత్రమునే మార్చుమనిరి. ఈ చిక్కును విప్పుటకు నాకు తోడ్పడినది శాస్త్రముకంటె చరిత్రయే గనుక, ఆ చరిత్రనే నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాను.

1956 సెప్టెంబరులో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థవారు రామాక్ అను యంత్రమును ప్రకటించిరి. దాని డిస్కుపెట్టెలో 24 అంగుళముల వెడల్పుగల పళ్లెములు 50, ఒకే యిరుసుపై, నిమిషమునకు 1200 మారులు తిరుగుచుండెను. ఇంతచేసి అందు పట్టినవి 50 లక్షల అక్షరములు. నేటి చేతిఫోనుతో దీసిన యొక్క ఛాయాచిత్రమునకే యది చాలీచాలని చోటు. మన హైదరాబాదునందు 1967లో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ వెలసినది. మొగల్లు గ్రామమున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు దానికి మూలపురుషులు. 1969లో టి.డి.సి.12 అను కంప్యూటరు వెలువడుటతో ఈ దేశమున కంప్యూటర్ల నిర్మాణమునకును ఈ నగరమునకును పొత్తు కలిసినది. కాని అవి యన్నియు సంస్థల యంత్రములు. ఇంటివాని చేతికి అందునవి కావు.

డిస్కు చిన్నదై చవుకైనది 1980 తరువాత. ఆ యేడు ఐదుంబాతిక యంగుళముల డిస్కు బయటికి వచ్చెను. బర్కిలీ విశ్వవిద్యాలయమున ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ అను మువ్వురు ఈ చిన్నవానిని చూచి యొక యోచన చేసి, 1988లో నొక వ్యాసమున ప్రకటించిరి. 7500 మెగాబైట్లు పట్టు పెద్ద డిస్కొకటి కొనుటకు మారుగా 100 మెగాబైట్ల చిన్న డిస్కులు 75 కొని యేల కలుపరాదు? అన్నియు నొక్కమారు పనిచేసినచో వేగమెంతయో పెరుగును. చిక్కొకటే. ఒక డిస్కు సగటున 30,000 గంటలు బ్రదికినచో, నూరు డిస్కుల గుంపులో 300 గంటలకే యేదో యొకటి చచ్చును. అనగా పక్షము దినములైనను నిండవు!

దీనికి వారు చూపిన మందు మన పద్దులవంటిది. ముగ్గురన్నదమ్ముల లెక్కలు మూడు చీటులపై వ్రాసి, నాలుగవ చీటిపై మొత్తము వేసి యుంచుడు. ఏ చీటి పోయినను తక్కిన మూటినిబట్టి దానిని తిరిగి వ్రాసికొనవచ్చును. ఈ మొత్తమునకే ప్యారిటీ యని పేరు. ఇట్టి యుపాయమునకు ఔచీ అను ఐ.బి.ఎం. ఉద్యోగి 1978లోనే పేటెంటు పొందియుండెను. బర్కిలీవారు వివిధ పద్ధతులకు అంకెలువేసి, కూటమికి రెయిడ్ అని పేరిడిరి. ఆ పేరున తొలుత ‘చవుక డిస్కులు’ అనియుండగా, పిమ్మట ‘స్వతంత్ర డిస్కులు’ అని మారెను. చవుక యను పేరుతో ఖరీదైన వస్తువు నమ్ముట కష్టముగదా!

ఈ కూటమి గుణమును దోషమును ఒక్కటియే. అది తన సభ్యులను కప్పివేయును. నలుగురు మోయు పల్లకి యొక్క కుంటివానితో నెట్లు నడచునో యెరుగుదుము. కాని యిచ్చట కుంటుచున్నవాడెవ్వడో లోపల కూర్చున్నవానికి కనబడదు. కావున మందగమనమునకు మూలమరయుటయన్న, ఒక్కొక్క తెరను తొలగించుటయే.

మొదటి తెర లెక్కకు సంబంధించినది. నిమిషమునకు 7200 మారులు తిరుగు డిస్కు సగము చుట్టునకు నాలుగు మిల్లీసెకనులకు పైగా తీసికొనును. ముల్లు చోటు మారుటకు మరి యెనిమిది తొమ్మిది. కనుక చెదరియున్న చిన్న పనులు సెకనునకు రమారమి 75 మాత్రమే చేయగలదు. ప్యారిటీ కూటమిలో నొక చిన్న వ్రాత వ్రాయవలెనన్న పాత విషయమును చదువవలెను, పాత మొత్తమును చదువవలెను, పిమ్మట రెంటిని తిరిగి వ్రాయవలెను, నాలుగు పనులు. నాలుగు డిస్కులు కలిసి 300 పనులు చేసినను చిన్న వ్రాతలు 75 మాత్రమే. నాలుగింటికి సొమ్ము చెల్లించి యొక్కదాని పని పొందుట! ఇది రోగము కాదు, పుట్టుకగుణము. కాని మా యింట పెద్ద పాటల ఫైళ్లును నెమ్మదిగనే వ్రాయబడుచుండెను గనుక కారణ మిది కాదని తేలినది.

రెండవ తెర మరింత వింతయైనది. తొలినాటి పర్సనల్ కంప్యూటర్లలో డిస్కుపై గడి సంఖ్యకు ఆరు బిట్లు మాత్రమే కేటాయించిరి. ఒకటి మొదలు 63 వరకే లెక్క. అందువలన మొదటి భాగము 63వ గడినుండి ప్రారంభించు నాచార మేర్పడి, విండోస్ ఎక్స్‌పీ కాలము వరకు సాగినది. నాడు గడికి 512 బైట్లు. 2010 ప్రాంతమున తయారీదారులు 4096 బైట్ల గడులకు మారుచు, పాతవారి కొరకు 512 అనియే నటించుచు వచ్చిరి. ఎనిమిది పాతగడు లొక క్రొత్తగడి. 63 ఎనిమిదింట భాగింపబడదు. ప్రతి వ్రాతయు రెండు గడులపై కాలుమోపి, రెంటిని చదివి దిద్దవలసివచ్చెను. 2007 నాటి విస్టా మొదలు 2048వ గడినుండి ప్రారంభించుటచే ఈ పీడ తగ్గినది. నా డిస్కులన్నియు 2048నుండియే మొదలైనవి. కారణ మిదియును కాదు.

ఇక విడివిడిగా నాలుగు డిస్కులను చూడవలసి వచ్చెను. డిస్కులు తమ యారోగ్యమును తామే వ్రాసికొను పట్టిక స్మార్ట్ అనునది. అందు 5వ లెక్కయు 197వ లెక్కయు పెరిగినచో పళ్లెము చెడుచున్నదని యర్థము. 199 పెరిగినచో డిస్కు నిర్దోషి. కేబులును మార్చిన చాలును. నా నాలుగింట నీ మూడును సున్నలే! అప్పుడు లినక్సులోని ఐఓస్టాట్ అను పనిముట్టును పెట్టి, పెద్ద ఫైలు వ్రాయుచు, ఒక్కొక్క డిస్కు వేచియుండు కాలమును గమనించితిని. మూడు డిస్కులు ఖాళీగా కూర్చుండెను. క్రొత్తది మాత్రము ఊపిరాడక యుండెను.

ఆ డిస్కులో వ్రాతచాళ్లు పెంకుటింటి పెంకులవలె నొకదానిపై నొకటి కొంత కప్పియుండును. చోటు కలిసివచ్చును, కాని నడిమి పెంకును మార్చవలెనన్న తరువాతి పెంకులన్నియు కదల్పవలెను. వరుసగా వ్రాసి దాచుకొనుటకు మంచిది, కూటమికి తగదు. ఇట్టి డిస్కులు కొన్ని ఆ సంగతి తెలుపకయే అమ్మబడినవని 2020 ఏప్రిలులో బయటపడగా, ప్రధాన తయారీదారు లొప్పుకొని జాబితాలు ప్రకటించిరి.

నాకు భయము కలిగించినది మందగమనము కాదు. పోయిన డిస్కు స్థానమున క్రొత్తది నిండుటకు ఐదు దినములు పట్టియుండెను. ఆ యైదు దినములలో రెండవ డిస్కు చెడియున్నచో మా నాయనమ్మ గొంతు ఇక వినబడకపోయెడిది. 1998లో సైబర్ టవర్స్ తెరవబడిన పిమ్మట హైటెక్ సిటీలో వెలసిన కార్యాలయములలో కూటములను రేయింబవళ్లు కనిపెట్టువారు కలరు. అచ్చట పనిచేయువారు మా మేడలో పదిమంది యుందురు. వారి యిండ్లలోని డిస్కులకు మాత్రము కావలి లేదు.

పెంకుల డిస్కును తీసి మామూలుదానిని పెట్టగా, నాలుగు టెరాబైట్లును తొమ్మిది గంటలలో నిండినవి. తీసినదానిని పారవేయలేదు. ప్రతి పున్నమినాడు దానిపై పాటలన్నిటికి వరుసగా మరియొక ప్రతి వ్రాసి, బీరువాలో నుంచుచున్నాను.