ముప్పదినాలుగవ సూత్రము

ఒక వృత్తివారు తమకు తామే నియమములు విధించుకొన్నప్పుడు లోకము వారిని గౌరవించుట సహజము. వైద్యుడు రోగిని మోసగింపనని మాట యిచ్చును. న్యాయవాది కక్షిదారుని రహస్యమును వెల్లడింపనని ప్రతిన పూనును. అయితే ఆ నియమములు ఎవరిని కాపాడుటకు పుట్టినవి, ఎవరిని లెక్కలోనికి తీసికొనలేదు అను ప్రశ్నను మనము తరచుగా నడుగము. అడుగకుండుటవలన ఎంత కీడు మూడగలదో తెలిసికొనుటకు అమెరికా సంయుక్తరాష్ట్రములందలి ఇండ్లు, స్థలముల దళారుల చరిత్ర చాలును.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి దినములలో ఆ దేశపు పట్టణములు మిక్కిలి వేగముగా పెరిగినవి. కొనువానికిని అమ్మువానికిని నడుమ నిలుచు దళారికి చదువు లేదు, పరీక్ష లేదు, ప్రభుత్వానుమతియు లేదు. ఇరుపక్షములవద్దను రహస్యముగా రుసుము పుచ్చుకొని మాయమగువారు వారిలో పెక్కురుండిరి. ఈ యపకీర్తిని తొలగించుకొన దలచి 1908వ సంవత్సరము మే నెలలో 120 మంది చికాగో నగరమున సమావేశమై జాతీయసంఘము నొకదానిని స్థాపించిరి. 1913లో ఆ సంఘము వృత్తిధర్మ సూత్రావళి నంగీకరించెను. మినియాపొలిస్ పట్టణపు వర్తకుడు ఛార్లెస్ చాడ్‌బర్న్ ‘రియల్టరు’ అను క్రొత్త మాటను కల్పింపగా 1916 మొదలు సంఘసభ్యులు దానిని బిరుదమువలె ధరించిరి. అనుమతి లేనిదే ఎవ్వరును ఈ వృత్తి చేయరాదను చట్టములకై రాష్ట్రశాసనసభలలో సంఘము పాటుపడెను. కాలిఫోర్నియాలో 1917 నాటి మొదటి చట్టమును న్యాయస్థానము కొట్టివేయగా 1919లో మరల చట్టము వచ్చెను. పిమ్మట తక్కిన రాష్ట్రములును ఆ త్రోవనే నడచినవి. ఇంతవరకు ఈ కథ మెచ్చుకొనదగినదే.

ఆ కాలమునందే దక్షిణరాష్ట్రముల నల్లజాతివారు వేలకొలదిగా ఉత్తరపు పట్టణములకు పనులకై తరలి వచ్చుచుండిరి. తెల్లవారి వీధులలో వారు కాపురముండరాదని కొన్ని పట్టణములు శాసించినవి. లూయీవిల్ పట్టణపు అట్టి శాసనమును దేశపు ఉన్నతతమ న్యాయస్థానము 1917లో రద్దు చేసెను. ప్రభుత్వము చేయరాని పనిని ప్రజలు ఒడంబడికల మూలమున చేసికొన మొదలిడిరి. ఈ యింటిని నల్లజాతివారికి అమ్మరాదు, అద్దెకీయరాదు అను షరతు దస్తావేజులోనికి ఎక్కెను. 1926లో ఇట్టి ఒడంబడికపై వచ్చిన వ్యాజ్యమును ఆ న్యాయస్థానమే త్రోసిపుచ్చుటచేత వానికి అడ్డు లేకపోయెను.

ఇక దళారుల ధర్మసూత్రములలోని మార్పును చూడుడు. 1924లో సవరింపబడిన సూత్రావళియందు ముప్పదినాలుగవది యొకటి చేరెను. ఏ జాతివారు గాని ఏ దేశీయులు గాని వచ్చి చేరుటచే ఒక పేటలోని ఆస్తుల వెల తగ్గునో అట్టివారిని ఆ పేటలో ప్రవేశపెట్టుటకు రియల్టరు సాధనభూతుడు కారాదని దాని తాత్పర్యము. చదువరులు ఇచట క్షణకాలము ఆగి యోచింపవలెను. దొంగలెక్క వ్రాయకుము, కొనువానికి లోపమును దాచకుము అను సూత్రముల సరసనే ఇదియును కూర్చున్నది. నల్లజాతి గృహస్థునకు మంచి పేటలో ఇల్లు చూపిన దళారి దయామయుడని అనిపించుకొనలేదు, ధర్మము తప్పినవాడయ్యెను. ఒక మంచిమాటకు గల గౌరవమంతయు ఒక చెడుపనికి కవచమైనది. సంఘమునకు న్యాయసలహాదారుడైన నేథన్ విలియం మెక్‌చెస్నీయే ఒడంబడికకు నమూనా వ్రాసియిచ్చెను.

ఈ భావము వర్తకులయొద్దనే నిలిచియుండినచో హాని కొంతతో పోయెడిది. 1934లో గృహఋణములకు పూచీ వహించుటకై కేంద్రప్రభుత్వము ఒక శాఖను నెలకొల్పెను. ఇంటి వెలలో నూటికి 80 వంతులవరకు, 20 సంవత్సరముల గడువుతో, సామాన్యులకు అప్పు దొరకు వీలు దానివలన కలిగెను. ఏ యింటికి పూచీ ఈయవచ్చునో నిర్ణయించు నిబంధనల గ్రంథమును సిద్ధపరచినవాడు ఫ్రెడరిక్ బాబ్‌కాక్. చికాగోలో ఆస్తుల వెల కట్టుటయందు పేరుపొందినవాడు. జాతులు కలిసిన పేట ప్రమాదకరమనియు, దస్తావేజులలో నిషేధపు షరతు లుండుట మేలనియు ఆ గ్రంథము బోధించెను. వర్తకుల నియమము సర్కారు నియమమైనది. తెల్ల కార్మికుడు స్వల్పమైన కిస్తులతో ఇంటివాడు కాగా, అదే జీతము తెచ్చుకొను నల్ల కార్మికుడు అద్దెగదిలోనే ముసలివాడయ్యెను.

బీదలకై ప్రభుత్వమే ఇండ్లు కట్టింపవలెనను చట్టము 1937లోను మరల 1949లోను సభకు రాగా సంఘము తన బలమంతయు కూర్చి ఎదిరించెను. అప్పటి కార్యనిర్వాహకుడు హెర్బర్టు నెల్సన్. శాసనసభ్యులపై వచ్చు ఒత్తిడులను విచారించుటకు ఏర్పడిన ప్రతినిధిసభా సంఘము 1950లో ఆయన లేఖ నొకదానిని బయటపెట్టెను. ప్రజాస్వామ్యమునందు తనకు నమ్మకము లేదని ఆయన అందులో నిస్సంకోచముగా వ్రాసియుండెను. ప్రజాప్రతినిధుల వాకిళ్ళలో పొద్దుపుచ్చువాని మనస్సులోని మాట అది!

1945లో సెయింట్ లూయీ నగరమున షెల్లీ అను నల్లజాతి కుటుంబము ఒక యిల్లు కొనెను. 1911లో వ్రాసిన ఒడంబడిక యొకటి ఆ యింటికి గలదు. ఇరుగుపొరుగువారు దావా వేసిరి. తొమ్మండుగురు న్యాయాధిపతులలో ముగ్గురు కారణము చెప్పకయే తప్పుకొనిరి. మిగిలిన ఆరుగురును ఏకకంఠముగా, ఇట్టి ఒడంబడికను ఏ న్యాయస్థానమును అమలు జరుపరాదని 1948 మే 3వ తేదీన తీర్పు చెప్పిరి. 1950లో సూత్రావళినుండి జాతి, దేశీయత అను మాటలు తొలగినవి. మాటలు తొలగినంతమాత్రమున చేతలు తొలగునా? చూపవలసిన ఇండ్లను చూపకుండుటకు సూత్రముతో పనిలేదు. నోరు మెదపకున్న చాలును.

ఈ సంగతి కాలిఫోర్నియాలో వెల్లడియైనది. ఇండ్ల విక్రయమున జాతిభేదమును నిషేధించుచు 1963లో ఆ రాష్ట్రశాసనసభ చట్టము చేయగా, రాష్ట్రపు దళారులసంఘము ప్రజల ఓటుతో దానిని మాన్పింప పూనుకొనెను. సొత్తుగలవాని స్వేచ్ఛయే తమ పక్షమని చాటెను. 1964 నవంబరులో నూటికి ఇంచుమించు 65 మంది వారికే ఓటిచ్చిరి. ఆ ఫలితము రాజ్యాంగవిరుద్ధమని 1967లో ఉన్నతతమ న్యాయస్థానము నిర్ణయించెను. దేశమంతటికిని వర్తించు చట్టమును సయితము సంఘము ఎదిరించెను. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగు హతుడయ్యెను. ఏడవదినమున, 11వ తేదీన, అధ్యక్షుడు జాన్‌సన్ ఆ చట్టముపై సంతకము చేసెను. సంఘాధ్యక్షుడు పూర్వపు తప్పిదములకు బహిరంగముగా క్షమాపణ చెప్పినది 2020 నవంబరులో. ముప్పదినాలుగవ సూత్రము పుట్టి అప్పటికి తొంబదియారేండ్లు. ఈలోపల తాత కొనలేని యింటిని మనుమడు వారసత్వముగా పొందలేదు. క్షమాపణ ఆ లోటును పూరింపజాలదు.

మనకేమి యీ కథతో అందురా? 1965లో వలసచట్టము మారిన పిదప అమెరికాకు పోయి స్థిరపడిన తెలుగువారు తమకు నచ్చిన పేటలో ఇల్లు కొనగలుగుచున్నారనిన, పుట్టిన దేశమునుబట్టి నిరాకరింపరాదన్న 1968 చట్టమే వారి వాకిలి కావలి. దానికై దెబ్బలు తిన్నవారు నల్లజాతివారు. అచట ఆ ఫలము ననుభవించుచు ఇచట మనమేమి చేయుచున్నాము?

మన దేశమునను స్థలముల వ్యాపారమును క్రమబద్ధము చేయుటకు 2016లో చట్టము వచ్చినది. ఆ చట్టము పరిధిలోని కట్టడములను అమ్మించు మధ్యవర్తులు పేరు నమోదు చేసికొనవలెను. ఇది మేలే. కాని ఒకే మతమువారికి సభ్యత్వమును పరిమితము చేసిన గుజరాతునందలి గృహసహకారసంఘపు నిబంధనను మన సుప్రీముకోర్టు 2005లో సమర్థించిన సంగతి మరువరాదు. కొన్ని నెలల క్రిందట మా పాఠశాలకు క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయుని వెంట నేను అద్దెయిల్లు వెదకబోతిని. దళారి మిక్కిలి మర్యాదతో జీతమడిగెను, ఊరడిగెను, తుదకు ఇంటిపేరడిగెను. విన్నంతనే ఆ యిల్లు నిన్ననే కుదిరిపోయినదనెను. మరునాడు గేటునకు వ్రేలాడు ‘అద్దెకీయబడును’ అను పలక అచటనే యున్నది. మా మిత్రుడు నవ్వి ఊరకొనెను, నేను నవ్వలేకపోతిని. మన దళారి చేతిలో ముప్పదినాలుగవ సూత్రము లేదు. అతని కది అక్కరలేదు. ఇంటి యజమానులమైన మనము చెప్పకయే చెప్పినదానిని అతడు పాటించుచున్నాడు.

వృత్తిధర్మమునకు గీటురాయి యొకటే: ఆ సూత్రములు వ్రాయునప్పుడు వాకిలివెలుపల నిలిచినవానిని తలచితిమా లేదా అనునది. వర్తకులను అడుగుటకు ముందు మనలో ఇల్లుగలవారు, ఆ పలక తగిలించునప్పుడు తమ్ము తాము అడిగికొందురు గాక.